మైనరు పిల్లల వాటా ఉన్న భూమిని అమ్మడం ఎలా: కోర్టు అనుమతి నుంచి రిజిస్ట్రేషన్ వరకు

“మా వారు చనిపోయారు. భూమిలో నాకూ పిల్లలకూ వాటాలు ఉన్నాయి. కొనేవారు సిద్ధంగా ఉన్నారు కానీ కోర్టు ఆర్డరు లేనిదే ముందుకు రామంటున్నారు. తల్లిని నేనే కదా, మళ్లీ నాకు గార్డియన్‌షిప్ ఎందుకు?” ఈ ప్రశ్న చిన్న మార్పులతో పదే పదే వస్తోంది కనుక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో ఈ పని ఏ వరుసలో సాగుతుందో ఇక్కడ రాస్తున్నాను. మీ కేసు చూసే లాయరుకు ఇది ప్రత్యామ్నాయం కాదు. ఆయన దగ్గరకు వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలో, ఆయన చేతిలో పెట్టిన తరువాత ఏం సరిచూసుకోవాలో తెలియడానికి పనికొస్తుంది.

ముందుగా ఒక్క మాట. హిందువులైతే తండ్రి, తండ్రి లేనప్పుడు తల్లి, పిల్లలకు సహజ సంరక్షకులే. ఆ హోదాను కొత్తగా ఎవరూ ఇవ్వనక్కర లేదు. అయితే సహజ సంరక్షకులు కూడా మైనరు స్థిరాస్తిని కోర్టు ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని సెక్షన్ 8 చెబుతోంది. కాబట్టి మీరు కోర్టును అడగవలసింది “నన్ను గార్డియన్‌గా నియమించండి” అని కాదు, “నా పిల్లల వాటా అమ్మడానికి అనుమతి ఇవ్వండి” అని. తహశీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ గానీ, నోటరీ చేయించిన అఫిడవిట్ గానీ ఈ అనుమతికి బదులు కావు.

కావలసిన పత్రాలు

మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రాలు (లేకపోతే పుట్టిన తేదీ ఉన్న స్కూలు స్టడీ సర్టిఫికెట్), అందరి ఆధార్ కార్డులు, భూమికి సంబంధించిన మూల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, రెవెన్యూ రికార్డు నకళ్లు (ఆంధ్రలో 1బి, అడంగల్, తెలంగాణలో పహాణీ), తాజా ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే మార్కెట్ విలువ ధ్రువపత్రం. వీటితోపాటు డబ్బు అవసరాన్ని చూపించే కాగితాలు కూడా ఉండాలి: ఫీజు రశీదులు, ఆసుపత్రి బిల్లులు, బ్యాంకు లోను స్టేట్‌మెంట్ వంటివి. చాలామంది భూమి పత్రాలు పెట్టెడు తెస్తారు కానీ ఈ చివరి రకం కాగితం ఒక్కటీ తీసుకురారు. కేసు తేలేది మాత్రం వాటి మీదే.

మరణ ధ్రువపత్రంలో, పాసుపుస్తకంలో, ఆధార్‌లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే, ఆ ఇద్దరూ ఒకరే అని పిటిషన్‌లోనే రాయించండి.

1. ఎవరి వాటా ఎంతో ముందు తేల్చుకోండి

హిందూ పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే ఆయన స్వార్జిత ఆస్తి భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లికి సమానంగా వెళుతుంది. ఎక్కువమంది మరిచిపోయేది ఆ చివరి మనిషిని. మీ అత్తగారు బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. రెండెకరాలు ఉండి, మీరు, ఇద్దరు పిల్లలు, అత్తగారు మిగిలితే ఒక్కొక్కరికి అరెకరం, అంటే తెలంగాణ లెక్కలో 20 గుంటలు, ఆంధ్ర లెక్కలో 50 సెంట్లు వస్తుంది. మీరు అనుమతి అడగవలసింది పిల్లలిద్దరి ఎకరం గురించి మాత్రమే. అత్తగారు తన వాటాకు తానే సంతకం చేయాలి, లేదా మనవల పేరున రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు ఇవ్వాలి.

18 ఏళ్లు నిండిన పిల్లలు ఉంటే వారి తరఫున మీరు సంతకం చేయడానికి లేదు. వారే చేయాలి. పెద్దపిల్లకు ఇంకో నాలుగైదు నెలల్లో 18 నిండుతాయనుకుంటే, ఆమె వాటాను పిటిషన్‌లో చేర్చడమా, ఆగడమా అని లాయరుతో మాట్లాడండి. కేసు నడుస్తుండగా ఆమె మేజర్ అయితే ఆ సంగతి కోర్టుకు తెలపాలి, అమ్మకపు దస్తావేజులో ఆమె స్వయంగా సంతకం చేయాలి.

భూమి పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో విభజన కాని వాటాను కుటుంబ కర్త (ఉమ్మడి కుటుంబ వ్యవహారాలు చూసే పెద్ద) కుటుంబ అవసరాల కోసం అమ్మినప్పుడు సెక్షన్ 8 వర్తించదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. దస్తావేజు లేఖరులు ఈ తీర్పును చెవిన వేసుకుని “పిత్రార్జితానికి అనుమతి అక్కర్లేదమ్మా” అని ధైర్యం చెబుతుంటారు. ఆ కుటుంబంలో కర్తగా వ్యవహరించే పెద్దవారు ఉన్నప్పటి మాట అది. మైనరు పిల్లలతో తల్లి ఒక్కతే మిగిలినప్పుడు దాని మీద ఆధారపడడం నా దృష్టిలో ప్రమాదం. కొనేవారి బ్యాంకు కూడా సాధారణంగా ఒప్పుకోదు.

హెచ్చరిక: పిల్లల పేర్లు వదిలేసి భూమిని మీ ఒక్కరి పేరున మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డులో పేరు మార్పు) చేయించుకుని అమ్మితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన పిల్లల హక్కు పోదు.

2. మీకు వర్తించే దారి ఏది?

హిందువులకు (ఈ చట్టంలో సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా వస్తారు) పైన చెప్పిన సెక్షన్ 8 పిటిషన్ చాలు. తండ్రి బతికే ఉండి, కుటుంబాన్ని వదిలి వెళ్లి పిల్లల బాధ్యత పట్టించుకోకపోతే, తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో తేల్చింది. అలాంటి సందర్భంలో ఆయనను ప్రతివాదిగా చేర్చి నోటీసు పంపడమే క్షేమం. సవతి తల్లి, సవతి తండ్రి సహజ సంరక్షకులు కారు. మేనమామ, బాబాయి, తాత కూడా కారు. పిల్లలను పెంచుతున్నది వారే అయినా సరే, ముందు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా నియమితులు కావాలి.

ముస్లిం కుటుంబాల్లో జాగ్రత్త మరింత అవసరం. తండ్రి పోయాక పిల్లల ఆస్తి మీద సంరక్షకత్వం తల్లికి దానంతటదే రాదు. తండ్రి వీలునామాలో నియమించినవారికి, తరువాత తండ్రి తండ్రికి, ఆయన నియమించినవారికి వెళుతుంది. వారెవరూ లేనప్పుడు తల్లి 1890 చట్టం కింద నియామకం కోరాలి. అది లేకుండా ఆమె చేసిన అమ్మకం పిల్లల వాటా మేరకు అసలే చెల్లదు. క్రైస్తవ కుటుంబాలు కూడా 1890 చట్టం కిందికే వస్తాయి. ఈ దారిలో వెళ్లేవారు నియామకంతో ఆగకూడదు. కోర్టు నియమించిన గార్డియన్ కూడా అమ్మకానికి విడిగా అనుమతి పొందాలి కాబట్టి, నియామకం, అమ్మకానికి అనుమతి అనే రెండు కోరికలూ పిటిషన్‌లో ఉండాలి. బాధ్యత స్వీకరించడానికి సిద్ధమేనని మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో ధ్రువీకరించిన ప్రకటన కూడా జత చేయాలి.

3. సరైన కోర్టును ఎంచుకోండి

సెక్షన్ 8 పిటిషన్‌ను భూమి ఉన్న ప్రాంతం మీద అధికారం గల జిల్లా కోర్టులోనే వేయాలి. హైదరాబాదు నగరంలోని ఆస్తికైతే సిటీ సివిల్ కోర్టులో వేయాలి. మీరు విజయవాడలో ఉంటూ భూమి నల్గొండ జిల్లాలో ఉంటే నల్గొండకే వెళ్లాలి. పిల్లల విషయం కదా అని ఫ్యామిలీ కోర్టుకు వెళ్లేవారున్నారు. ఆ కోర్టు చూసేది పిల్లల కస్టడీ, వారి వ్యక్తిగత సంరక్షకత్వం. ఆస్తి అమ్మకం దాని పరిధిలోకి రాదు.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

4. కొనేవారితో తొందరపడి కాగితం రాసుకోవద్దు

కోర్టు ఇచ్చేది ముందస్తు అనుమతి. అమ్మేసిన తరువాత వెళ్లి “ఇప్పుడు ఆమోదించండి” అంటే కుదరదు. కొనేవారు ఎవరో, ధర ఎంతో కోర్టుకు చూపించగలిగితే మంచిదే కనుక, ఒప్పంద పత్రం రాసుకుంటే అందులో మూడు మాటలు తప్పక ఉండాలి: పిల్లల వాటా అమ్మకం కోర్టు అనుమతికి లోబడి ఉంటుందని, అనుమతి రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలి తప్ప నష్టపరిహారం ఉండదని, రిజిస్ట్రేషన్ గడువు ఆర్డరు వచ్చిన తేదీ నుంచి మొదలవుతుందని. “మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయకపోతే బయానాకు రెట్టింపు” వంటి షరతు మీద మాత్రం సంతకం చేయకండి. కోర్టు తేదీలు మీ చేతిలో ఉండవు. బయానా కూడా తక్కువే తీసుకోండి, దాన్ని ఖర్చు చేయకుండా ఖాతాలో ఉంచండి.

5. పిటిషన్ ఎలా రాయించాలి?

జడ్జి చూసేది చట్టంలో ఉన్న ఒక్క ప్రశ్ననే: ఈ అమ్మకం పిల్లలకు అవసరమా, లేక వారికి స్పష్టమైన ప్రయోజనం ఉందా? మీ అప్పులు, మీ ఇల్లు, మీ ఇబ్బందులు ఈ ప్రశ్నకు జవాబులు కావు.

ఎక్కువ పిటిషన్లలో కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: “పిటిషనరు పిల్లల చదువు, బాగోగుల నిమిత్తం డబ్బు అవసరమైనందున అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన.” దీనిలో కోర్టుకు తెలిసిందేమీ లేదు. అదే సంగతిని ఇలా రాయించవచ్చు: “షెడ్యూలు భూమికి నీటి వసతి లేనందున గత కొన్నేళ్లుగా బీడుగా ఉన్నది, కౌలుకు తీసుకునేవారు లేరు. మొదటి మైనరు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, అతని ఫీజు బకాయి వివరాలు జతపరచిన రశీదులలో ఉన్నవి. పిటిషనరు నెల ఆదాయం కుటుంబ పోషణకే చాలుతున్నది. అమ్మకంలో మైనర్ల వాటాకు వచ్చే మొత్తంలో ఫీజుకు పోను మిగిలినది వారి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయబడును.” ప్రతి వాక్యానికీ వెనుక ఒక కాగితం ఉంది. డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెప్పింది. ఊళ్లో భూమి అమ్మి పిల్లల పేరున మరోచోట స్థలం కొనాలన్నది మీ ఆలోచన అయితే ఆ స్థలం వివరాలు, ధర కూడా ఇవ్వండి.

ధర విషయంలో నిజం రాయండి. పిటిషన్‌లో రిజిస్ట్రేషన్ విలువ చూపించి, మిగిలింది నగదుగా చేతులు మారే పద్ధతి పెద్దల భూముల్లోనే తప్పు. పిల్లల భూమిలో అది వారి సొమ్మును కోర్టు కన్ను గప్పి తీసుకోవడమే అవుతుంది, అమ్మకాన్ని తరువాత ప్రశ్నించడానికి బలమైన ఆధారమూ అవుతుంది. మీ వాటాకు ఎంత రేటు వస్తుందో పిల్లల వాటాకూ అంతే రావాలి. ఎకరం 30 లక్షల చొప్పున రెండెకరాలు 60 లక్షలకు పోతే, పై లెక్కలో పిల్లలకు చెరి 15 లక్షలు వస్తాయి. దళారీ కమీషను పిల్లల వాటాలోంచి మాత్రమే తీయడం కుదరదు.

కోర్టు అనుమతి సరిచేయలేని భూములూ ఉన్నాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూ బదిలీని నిషేధించే 1/70 చట్టం వర్తించే భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన, అమ్మకంపై నిషేధం తొలగని అసైన్డ్ భూములు అలాంటివి. మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో పిటిషన్ వేయకముందే చూసుకోండి.

6. నోటీసులు, సాక్ష్యం

పిటిషన్ దాఖలయ్యాక కోర్టు దగ్గరి బంధువులకు నోటీసు ఇవ్వవచ్చు, స్థానిక దినపత్రికలో ప్రకటన వేయమని ఆదేశించవచ్చు. అత్తవారి వైపు పెద్దవారి పేర్లు దాచకండి. తరువాత వారే వచ్చి “మాకు తెలియదు” అంటే కేసు మళ్లీ మొదటికి వస్తుంది. ప్రకటనలో సర్వే నంబరు తప్పు పడితే మళ్లీ వేయించవలసి రావచ్చు కనుక, పత్రికకు వెళ్లేముందు చిత్తుప్రతిని మీరే చదవండి.

తరువాత మీ చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాతలో ఇచ్చే మీ సాక్ష్యం) దాఖలు చేసి, పత్రాలకు ఎగ్జిబిట్ (సాక్ష్యంగా గుర్తించే) నంబర్లు వేస్తారు. అసలు పత్రాలు తీసుకువెళ్లాలి. జడ్జి మిమ్మల్ని నేరుగా అడిగే ప్రశ్నలు సాధారణంగా ఇవే ఉంటాయి: ఎందుకు అమ్ముతున్నారు, ఎంతకు అమ్ముతున్నారు, డబ్బు ఏం చేస్తారు, మీకు వేరే ఆస్తి ఉందా? లాయరు రాసిచ్చిన జవాబు వల్లించకండి, ఉన్నది చెప్పండి. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే వారిని కూడా రమ్మనవచ్చు. భయపెట్టకుండా, విషయం ఇదీ అని ముందే వారికి చెప్పి ఉంచండి.

కేసు ఎక్కడి వరకు వచ్చిందో తెలుసుకోవడానికి లాయరుకు రోజూ ఫోన్ చేయనక్కర లేదు. కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకుని, ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ చూసుకోవచ్చు.

అనుమతి నిరాకరిస్తే పని అక్కడితో అయిపోదు. నిరాకరణ ఉత్తర్వు మీద అప్పీలుకు సెక్షన్ 8 లోనే అవకాశం ఉంది. అయితే కాగితాలు చాలకపోవడం వల్ల తిరస్కరించారా, ఈ అమ్మకం పిల్లలకు మేలు కాదని తేల్చారా అన్నది ముందు చదవండి. మొదటిదైతే కొత్త ఆధారాలతో మళ్లీ వెళ్లడం మేలేమో లాయరును అడగండి.

7. ఆర్డరును ఇలా సరిచూసుకోండి

ఆర్డరు వచ్చిందన్న సంతోషంలో చదవకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవారే ఎక్కువ. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేసి, అది చేతికి రాగానే ఈ కింది వాటిని వేలు పెట్టి సరిచూడండి:

— పిల్లల పేర్లు, వయసులు సరిగా ఉన్నాయా?
— సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు హద్దులు పాసుపుస్తకంతో సరిపోతున్నాయా?
— అమ్మకం ఎందుకు అవసరమో, లేదా పిల్లలకు ఏం ప్రయోజనమో ఆర్డరులో రాశారా? ఇది ఉండాలని చట్టమే చెబుతోంది.
— ఇంతకు తక్కువకు అమ్మరాదనే ధర, ఇన్ని రోజుల్లో పూర్తిచేయాలనే గడువు ఉన్నాయా?
— డబ్బును ఎక్కడ, ఎవరి పేరున, ఎంతకాలం డిపాజిట్ చేయమన్నారు? కొన్నిసార్లు ముందు కోర్టులోనే జమ చేయమంటారు.

హద్దుల్లో “తూర్పు” బదులు “పడమర” పడినా వెంటనే సవరణకు దరఖాస్తు చేయించండి. గడువు దాటిపోయేలా ఉంటే, దాటకముందే పొడిగింపు అడగండి.

8. రిజిస్ట్రేషన్

ఆంధ్రలో సబ్ రిజిస్ట్రారు దగ్గర, తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూ భారతి ద్వారా తహశీల్దారు కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరవుతుంది. దస్తావేజులో మీ పేరు రెండుసార్లు కనిపించాలి: ఒకసారి మీ సొంత వాటాకు, ఇంకోసారి పిల్లల తరఫున. “మైనరు ఫలానా, వయస్సు 14 సంవత్సరాలు, తల్లి మరియు సహజ సంరక్షకురాలు ఫలానా ద్వారా” అని రాసి, కోర్టు పేరు, కేసు నంబరు, ఆర్డరు తేదీ అదే పేరాలో పేర్కొనాలి. ప్రతి వాటాకు ఎంత సొమ్ము, ఏ చెక్కు లేదా డీడీ ద్వారా వచ్చిందో విడివిడిగా రాయించండి. పిల్లల సొమ్ము మీ ఖాతాలో పడి అక్కడి నుంచి మారడం కంటే, కొనేవారే పిల్లల పేరున విడి డీడీలు ఇవ్వడం శుభ్రమైన పద్ధతి. ఆర్డరు సర్టిఫైడ్ కాపీని దస్తావేజుకు జత చేయించండి.

మీరు విదేశంలో ఉండి రాలేకపోతే, ఆ సంగతి పిటిషన్ దశలోనే కోర్టుకు చెప్పి, ఎవరి ద్వారా సంతకం చేయించేదీ అనుమతిలో రాయించుకోండి. భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఇంత శ్రమ కొనేవారికి కూడా ఎందుకు అవసరమో వారు అడిగితే చెప్పండి: అనుమతి లేని అమ్మకాన్ని మైనరు పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు, అందుకు 18 నిండిన తరువాత మూడేళ్ల గడువు ఉంది. దావా వేయకుండా, అదే భూమిని మరొకరికి అమ్మడం వంటి స్పష్టమైన చర్యతో కూడా పాత అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. ఇవాళ పదేళ్ల పిల్లవాడి వాటాను అనుమతి లేకుండా కొన్నవారు మరో పదకొండేళ్లు అనుమానంతో బతకాలి.

9. డబ్బు డిపాజిట్, కోర్టుకు లెక్క

ఆర్డరులో చెప్పిన బ్యాంకులోనే, చెప్పిన పద్ధతిలోనే డిపాజిట్ చేసి, రశీదు నకలుతో, రిజిస్టరైన దస్తావేజు నకలుతో, షరతు నెరవేర్చినట్లు తెలిపే మెమోను కోర్టులో దాఖలు చేయించండి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని లాయరూ ఊరుకుంటాడు, మీరూ మరిచిపోతారు. మెమో మీద కోర్టు ముద్ర పడిన నకలు మీ దగ్గర ఉంటేనే షరతు నెరవేర్చినట్లు రుజువు.

మధ్యలో ఫీజు కట్టడానికో, వైద్యానికో డబ్బు కావాలంటే బ్యాంకు మేనేజరును బతిమాలడం వల్ల ఉపయోగం లేదు. అదే కోర్టులో అనుమతి కోరుతూ చిన్న పిటిషన్ వేయాలి, దానికి ఫీజు డిమాండు కాగితం జత చేయాలి. వడ్డీని మాత్రం ఏటా తీసుకునే వీలు కావాలనుకుంటే, ఆ కోరికను మొదటి పిటిషన్‌లోనే పెట్టి ఉంచండి. ఆ వడ్డీ ఆదాయాన్ని సాధారణంగా మీ ఆదాయంతో కలిపి పన్ను లెక్క కడతారు కాబట్టి రిటర్ను వేసేటప్పుడు చూపించండి.

పిల్లలకు 18 నిండగానే డిపాజిట్ వారి చేతికి రావాలి. డబ్బు కోర్టు పేరున ఉంటే, పుట్టిన తేదీ ఆధారంతో వారే దరఖాస్తు చేసుకుని విడుదల చేయించుకుంటారు. బ్యాంకులో వారి పేరునే ఉంటే కొత్తగా కేవైసీ ఇచ్చి, సంతకం నమూనా మార్పించుకోవాలి. అందుకని డిపాజిట్ రశీదు, ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, మెమో నకలు ఒకే కవరులో పెట్టి, కేసు నంబరు పైన రాసి, అది ఎక్కడుందో పిల్లలకు చెప్పి ఉంచండి.